చప్పుడు వినపడుతుంది, మాట అందదు: వినికిడిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: "గుడి గంట వినపడుతోంది, హారన్ వినపడుతోంది. నా చెవులకేం?"

వాస్తవం: వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. వయసుతో వచ్చే లోపం సాధారణంగా సన్నని, కీచు శబ్దాలతో మొదలవుతుంది. మాటలో అచ్చులు బలంగా పలుకుతాయి, అవి వినపడుతూనే ఉంటాయి. స, శ, త, క, ప లాంటి హల్లులు తక్కువ శబ్దంతో పలుకుతాయి, ముందు జారిపోయేవి అవే. అందుకే "కోశావా", "పోశావా", "తోశావా" మూడూ ఒకేలా అనిపిస్తాయి. ఎదుటివాళ్లు గొణుగుతున్నారని పెద్దాయన విసుక్కుంటారు. మనవరాలి సన్నని గొంతు అందదు. పెళ్లింట్లో నలుగురూ మాట్లాడుతుంటే అర్థం కాక నవ్వి తల ఊపేస్తారు. టీవీ సౌండ్ పెరుగుతుంది, ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి వెళ్తుంది. ఇంట్లోవాళ్లేమో "ఆయనకు కావలసినవే వినపడతాయి" అంటారు. ఆ మాట ఆయన్ని ఎంత బాధపెడుతుందో నా గదిలో చాలాసార్లు చూశాను. దయచేసి అలా అనకండి, ఆడియోమెట్రీ, అంటే ఎంత శబ్దం వినపడుతోందో కొలిచే పరీక్ష, చేయించండి. నొప్పి ఉండదు, అరగంట పని.

అపోహ: గట్టిగా అరిస్తే సరిపోతుంది.

వాస్తవం: లోపలి చెవి దెబ్బతింటే చిన్న శబ్దం అందదు, పెద్దది భరించలేనంతగా తాకుతుంది. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, నిదానంగా చెప్పండి.

అపోహ: చెవుడు ముసలివాళ్లకే.

వాస్తవం: 85 డెసిబెల్స్ మోతలో రోజూ 8 గంటలు పనిచేస్తే ఏ వయసులోనైనా ముప్పే. మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు, డీజే బాక్సుల పక్కన నిలబడేవాళ్లు ఇంటికొచ్చాక చెవిలో గుయ్యిమంటుంటే దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి.

అపోహ: చప్పట్లు కొడితే బిడ్డ తిరిగింది, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: నీడ కదిలినా, గాలి తగిలినా పిల్లలు తిరుగుతారు. పుట్టిన నెలలోపు ఓఏఈ పరీక్ష (చెవిలోకి చిన్న శబ్దం పంపి లోపలి చెవి స్పందనను చూసేది) చేయించాలి. బిడ్డ నిద్రలో ఉండగానే నిమిషాల్లో అయిపోతుంది. లోపం ఉందో లేదో 3 నెలలకల్లా తేల్చుకుని, ఉంటే 6 నెలల్లోపు చికిత్స మొదలుపెట్టాలి. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అనుకుంటూ మూడేళ్లు ఆగి వచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: చెవి మూసుకుపోతే గుబిలే, వేడి నూనె పోస్తే సరి.

వాస్తవం: నూనె వద్దు, పుల్ల వద్దు. ముఖ్యంగా ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లోనే వినపడకుండా పోతే అది ఎమర్జెన్సీ కావచ్చు. జలుబు తగ్గాక చూద్దామని ఆగొద్దు. తొలి రోజుల్లో మందు పడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి.