థైరాయిడ్ గడ్డ: ప్రోటీన్ గుర్తుల వెతుకులాట ఎలా మొదలైంది

థైరాయిడ్ గడ్డల్లో పాథాలజిస్టులను దశాబ్దాలుగా తిప్పలు పెడుతున్నది ఫాలిక్యులర్ రకం, అంటే చిన్న సంచుల్లా అమరిన కణాల గడ్డ. సన్నటి సూదితో తీసిన కణాలను స్లైడ్ మీద చూస్తే హాని లేని అడినోమా, క్యాన్సర్ అయిన కార్సినోమా ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. గడ్డ చుట్టూ ఉన్న పొరను కణాలు దాటాయా, రక్తనాళాల్లోకి చొరబడ్డాయా అన్నదే అసలు తేడా. అది తెలియాలంటే ఆపరేషన్ చేసి గడ్డను బయటికి తీయాల్సిందే. తీరా తీశాక చాలాసార్లు క్యాన్సర్ కాదని తేలుతుంది. అందుకే, ముందే చెప్పగల ప్రోటీన్ ఏదైనా ఉందా అని వెతకడం మొదలైంది.

మెడుల్లరీ అనే మరో రకం థైరాయిడ్ క్యాన్సర్ విషయంలో జవాబు తొందరగానే దొరికింది. దాన్ని విడి రకంగా గుర్తించింది 1959లో. 1960ల మొదట్లో కాల్సిటోనిన్ హార్మోన్ బయటపడింది. ఈ క్యాన్సర్ పుట్టేది ఆ హార్మోన్‌ను తయారుచేసే సి-కణాల నుంచే కాబట్టి గుర్తు చక్కగా కుదిరింది. థైరోగ్లోబ్యులిన్ అనే థైరాయిడ్ ప్రోటీన్‌తో మాత్రం ఆ సుఖం లేదు. మామూలు కణాలూ, చాలావరకు క్యాన్సర్ కణాలూ దాన్ని తయారుచేస్తాయి. గ్రంథి మొత్తం తీసేశాక రక్తంలో అది మళ్లీ పెరుగుతుంటే జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి. దాని అసలు ఉపయోగం అక్కడే.

1975లో కోహ్లర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యానికి అతుక్కునేలా తయారుచేసిన ప్రోటీన్ల) పద్ధతి కనిపెట్టాక ఒక్కో ప్రోటీన్‌ను విడిగా పట్టుకోవడం తేలికైంది. 1990లలో గాలెక్టిన్-3, హెచ్‌బీఎంఈ-1, సైటోకెరటిన్-19 అనే గుర్తులు వరసగా తెరమీదికి వచ్చాయి. వీటిలో హెచ్‌బీఎంఈ-1 యాంటీబాడీని మొదట తయారుచేసింది మీసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) కోసం, థైరాయిడ్‌కు అది అరువు సరుకే.

ఎక్కువ ఆశలు పెట్టుకున్నది గాలెక్టిన్-3 మీద. ఇటలీలోని 11 కేంద్రాల్లో 465 ఫాలిక్యులర్ గడ్డల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. క్యాన్సర్ కాని వాటిలో 93 శాతాన్ని సరిగ్గానే తేల్చింది. క్యాన్సర్లలో మాత్రం 78 శాతమే దొరికాయి. కత్తి పెట్టాలా వద్దా అని తేల్చుకోవాల్సిన సర్జన్‌కు ఆ మిగిలిన 22 శాతం చిన్న విషయమేం కాదు.

పైగా రంగు కూడా మోసం చేయగలదు. యాంటీబాడీ ప్రోటీన్‌కు అతుక్కున్నచోట రంగు పట్టేలా చేస్తారు, స్లైడ్ మీద గోధుమ రంగు కనిపిస్తే ప్రోటీన్ ఉన్నట్టు లెక్క. కానీ థైరాయిడ్‌లో కనిపించే హర్త్‌లే అనే పెద్ద కణాల్లో సహజంగానే బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ. రంగు పట్టించే రసాయనం బయోటిన్ మీద ఆధారపడినదైతే, గాలెక్టిన్ లేకపోయినా కణాలు గోధుమ రంగుకు తిరుగుతాయి. దీర్ఘకాలపు వాపు ఉన్న థైరాయిడ్‌లోనూ గాలెక్టిన్-3 కనిపించవచ్చు. అందుకే ఒక్కదాన్ని నమ్ముకోకుండా రెండు మూడు గుర్తులను కలిపి చూడటం అలవాటైంది. నా దృష్టిలో అది సర్దుబాటే కానీ పరిష్కారం కాదు.

బీరాఫ్ అనే జన్యువులో వి600ఈ అనే మార్పు వల్ల తయారయ్యే ప్రోటీన్‌ను పట్టే వీఈ1 యాంటీబాడీ కొంత గట్టి సాక్ష్యం. అది పాజిటివ్ వస్తే దాదాపు పాపిల్లరీ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకం) అనే అనుకోవచ్చు. కానీ తిప్పలు పెడుతున్న ఫాలిక్యులర్ రకంలో ఆ మార్పే సాధారణంగా ఉండదు.

ఇంతలో 2016లో ఏది క్యాన్సర్, ఏది కాదు అనే హద్దే మారిపోయింది. పొర దాటని ఒక రకం పాపిల్లరీ గడ్డను క్యాన్సర్ జాబితా నుంచి తప్పించి, ఎన్ఐఎఫ్‌టీపీ అని పేరు పెట్టారు. దాంతో పాత అధ్యయనాల్లో క్యాన్సర్ కింద లెక్కేసిన గడ్డలు కొన్ని ఇప్పుడు ఆ లెక్కలోకి రావు. గాలెక్టిన్-3, హెచ్‌బీఎంఈ-1ల పాత శాతాలను చదివేటప్పుడు ఏ సంవత్సరం నిర్వచనం ప్రకారం వేశారో కూడా చూడాలి.