గంజాయి చట్టం: నా దగ్గరికి వచ్చే అపోహలు, వాటి వాస్తవాలు

పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేయాల్సి వస్తే మా బంధువులు కొంచెం తడబడతారు. "మావాడు లాయరే... అదే, గంజాయి కేసులు చూస్తుంటాడు" అని చివరి ముక్క గొంతు తగ్గించి చెబుతారు. విశాఖలో ప్రాక్టీసు పెట్టుకున్నవాడికి ఈ కేసులు ఎందుకు తప్పవో, మన్యం కొండల నుంచి గంజాయి దిగే పాడేరు ఘాట్ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గంజాయి మంచిదని నేను అనను. దాన్ని దొంగ వ్యాపారుల చేతిలోంచి తీసి లైసెన్సు, పరీక్ష, వయసు నిబంధన, పన్ను కిందకి తేవాలంటాను. ఈ మాట అనగానే నాకు తగిలే ఎదురుమాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: గంజాయి మొక్కలో ఏ ముక్క దొరికినా గంజాయే.

మత్తు పదార్థాల కేసులన్నీ నడిచే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 2 చదవండి. గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడిచేది అందుకే. భంగు ఆకుతో చేసేది. మొక్కను సాగు చేయడం మాత్రం వేరే నేరం. దానికి తూకంతో పనిలేదు, పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

ఇదంతా పుస్తకాల్లో పండితులు చేసుకునే చర్చ అనుకోకండి. రవాణా కేసు బతికేదీ చచ్చేదీ తూకం మీదే. కిలో వరకు స్వల్ప పరిమాణం: ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై, లక్షకు తగ్గని జరిమానా. పైగా సెక్షన్ 37 ఉంది. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడని జడ్జికి తోస్తే తప్ప బెయిలు లేదు. విచారణ మొదలవకముందే నిర్దోషి అనిపించుకోవాలన్నమాట. ఛార్జిషీటు వేయడానికే 180 రోజుల గడువు.

ఇప్పుడు కాడ, ఆకు, గింజ, కొస అన్నీ కలిపి కుక్కిన గోనెసంచి కాటా మీద 22 కిలోలు తూగిందనుకోండి. కొసలు వేరుచేసి తూస్తే ఎంత? సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదికలో సాధారణంగా ఆ ఊసే ఉండదు. కొసలతో కలిసి ఉన్న ఆకు కూడా లెక్కలోకే వస్తుందని ప్రాసిక్యూషన్ అంటుంది, విడదీసి తూయాల్సిందని మేం అంటాం. ఒక మనిషి పదేళ్లు ఆ రెండు కిలోల మధ్య వేలాడుతుంటాయి.

అపోహ: ఇంకా గట్టిగా శిక్షిస్తే అదే పోతుంది.

ఇంతకంటే గట్టిగా అంటే ఎలాగో నాకు తెలీదు. కొన్ని రకాల పునరావృత నేరాలకు మరణశిక్ష దాకా రాసిపెట్టుకున్న చట్టం ఇది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. సాగు తగ్గింది, కాదనను. తోటలు సరిహద్దు దాటి ఒడిశా కొండల వైపు జరిగాయి. సరుకు వచ్చే దారి మాత్రం అదే, మోసే భుజాలూ అవే.

ఆ భుజాల గురించి చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ముద్దాయిల్లో ఎక్కువమంది సంచి మోసినవాళ్లు, బండి నడిపినవాళ్లు. ఒక కుర్రాడు, కొండ మీది ఊరు. సంచి రైల్వే స్టేషన్‌కి చేరిస్తే ఐదువేలు ఇస్తామన్నారట. సంచి ఎవరిదో వాడికి ఫోన్‌లో ఒక ముద్దుపేరుగా మాత్రమే తెలుసు. ఛార్జిషీటులో ఆ పేరు పక్కన "పరారీ" అని ఉంది. వాడు లోపల ఉన్నన్నాళ్లూ వాళ్లమ్మ ప్రతి వాయిదాకీ బస్సెక్కి వచ్చేది. పెట్టుబడి పెట్టినవాడు ఒక్క వాయిదాకీ రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు.

అపోహ: నిషేధం మన సంప్రదాయం.

తులసి వనంలో గంజాయి మొక్క అని తిట్టుకున్నాం గానీ, దేశమంతటికీ ఒకే నిషేధం అమల్లోకి వచ్చింది 1985 నవంబరు 14న. అంతకు ముందు నడిచింది లైసెన్సు పద్ధతి. అప్పటి బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో ప్రభుత్వ అనుమతితో గంజాయి పండించి, ప్రభుత్వ గిడ్డంగిలో పెట్టి, సుంకం కట్టించుకుని వదిలేవారు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, పూర్తి నిషేధం అవసరం లేదు, పన్నుతో, లైసెన్సుతో అదుపులో పెట్టండి అని 1894లో తేల్చింది. మనం 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి దారి మార్చుకున్నాం. అదే ఒప్పందంలోని అత్యంత కఠినమైన జాబితా నుంచి గంజాయిని తీసేయాలా అని 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్‌లో ఓటింగ్ జరిగితే 27 మంది అవునన్నారు, 25 మంది కాదన్నారు. అవునన్నవాళ్లలో భారత్ ఉంది. ఈ సంగతి మా బార్ రూంలోనే చాలామందికి తెలీదు.

అపోహ: చట్టబద్ధం చేస్తే పాన్ డబ్బాల్లో అమ్ముతారు.

పాన్ డబ్బాల దగ్గర అడిగితే దొరకడం ఇప్పటి సంగతి. వయసు అడిగేవాడు లేడు, పొట్లం మీద ఏమీ రాసి ఉండదు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి అమ్మకం చట్టబద్ధం. ఎక్కువ రాష్ట్రాల్లో 19 ఏళ్లు నిండాలి, క్యుబెక్‌లో 21. బయటికి వెళ్లినప్పుడు దగ్గర ఉంచుకునేది 30 గ్రాములు మించకూడదు. పొట్లం మీద మత్తు పదార్థం శాతం ఉండాలి, ఆకర్షణీయమైన బొమ్మలు ఉండకూడదు. జర్మనీ 2024 ఏప్రిల్‌లో ఇంకా జాగ్రత్తగా అడుగేసింది: దుకాణాలు లేవు, లాభాపేక్ష లేని క్లబ్బులే. థాయ్‌లాండ్ మాత్రం 2022లో నిబంధనలు సరిగ్గా రాసుకోకుండానే తలుపులు తీసింది. వీధికో దుకాణం వెలిసింది. 2025లో మళ్లీ వైద్యుడి చీటీ ఉండాలంది. నేను వాదించేది మొదటి రెండు పద్ధతుల గురించి.

అమెరికాలో చదువుతున్న మన పిల్లలకి ఒక పక్కమాట. మీరున్న రాష్ట్రంలో దుకాణం తెరిచి ఉండొచ్చు, వీసా చూసేది మాత్రం ఫెడరల్, అంటే కేంద్ర చట్టం, అది గంజాయిని ఒప్పుకోదు. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే.

అపోహ: మూలికే కదా, ఏం చేస్తుంది?

చేస్తుంది. వాడినవాళ్లలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిసలవుతారు. పదిహేనేళ్లకే మొదలుపెట్టినవాళ్లకి, ఇంట్లో మానసిక జబ్బుల చరిత్ర ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ సర్వే 2019లో చెప్పిన లెక్క: దేశంలో 3.1 కోట్ల మంది భంగో, గంజాయో, చరసో వాడారు, వాళ్లలో 72 లక్షల మందికి సాయం అవసరం. మద్యం తాగేవాళ్లు 16 కోట్లు. దానికి మాత్రం షాపు ఉంది, రసీదు ఉంది. సెక్షన్ 64ఏ కింద, చిన్న మోతాదుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. ఇంట్లోవాళ్లు అరెస్టయ్యాక పరుగెత్తుకొస్తారు గానీ ఆ సెక్షన్ గురించి ముందు అడిగినవాళ్లు నాకు ఇద్దరో ముగ్గురో.

అపోహ: ఇదంతా జరగాలంటే కొత్త చట్టం కావాలి.

సరదాకి వాడేదాని విషయంలో నిజమే, పార్లమెంటు చట్టం మార్చాలి. వైద్యానికి, పరిశోధనకు సెక్షన్ 8లోనే దారి ఉంది. సెక్షన్ 10 రాష్ట్రాలకు నియంత్రణ అధికారం ఇస్తుంది, సెక్షన్ 14 నార కోసం, గింజ కోసం సాగుకి వీలు కల్పిస్తుంది. ఉత్తరాఖండ్ 2018లో నార రకానికి లైసెన్సు ఇచ్చింది.

నా భయం వేరే ఉంది. రేపు లైసెన్సులంటూ వస్తే పట్నంలోని కంపెనీలు ఎగరేసుకుపోతాయి, ఇన్నాళ్లూ జైలుకెళ్లిన గిరిజనుడు చూస్తూ నిలబడతాడు. అది జరగకుండా ఆపే పనిముట్లు మన దగ్గర ఉన్నాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. కాఫీ, పసుపు కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. లైసెన్సులో మొదటి వరస వాళ్లదని రాయకపోతే ఆ బిల్లుని నేనే వ్యతిరేకిస్తాను.

ఇక నా జూనియర్ అడిగేది: "సార్, ఇదంతా జరిగితే మనకి కేసులు తగ్గిపోవా?" తగ్గుతాయి. చెక్ బౌన్స్ కేసులకి కొదవేముంది.