తేటగా ఉంటే తాగొచ్చా? కుళాయి నీళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

నీటి సరఫరాలో పనిచేసేవాళ్లకు ఫోన్లు రెండు సందర్భాల్లో వస్తాయి. నీళ్లు రానప్పుడు, లేదా వచ్చిన నీళ్లు నచ్చనప్పుడు. చిన్న నగరంలో ప్లాంటు చూసుకునేదీ, పైపులు చూసుకునేదీ, ఫోన్ ఎత్తేదీ చాలాసార్లు ఒక్కరే. అలా ఎత్తీ ఎత్తీ చెవిన పడిన మాటలివి.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే తాగొచ్చు.

1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లతో కలరా పాకింది. ఆ నీళ్ల రుచి నచ్చి, దూరంగా మరో పేటలో ఉండే ఒకావిడ వాటినే తెప్పించుకుని తాగేది. ఆవిడ ఉన్నచోట కలరా లేదు. అయినా ఆవిడ కలరాతోనే చనిపోయింది. రోగాన్ని తెచ్చేది కంటికీ కనబడదు, నాలుక్కీ తెలియదు.

అలాగని తేటదనాన్ని తీసిపారేయలేం. మట్టి రేణువుల చాటున ఉన్న క్రిములకు క్లోరిన్ సరిగా అందదు. అందుకే తొలి వానకు ఎర్రనీళ్లు రాగానే మా ల్యాబ్‌లో జార్ టెస్ట్ మొదలవుతుంది. ఆరు గాజు బీకర్లలో అవే నీళ్లు పోసి, ఒక్కోదానికి ఒక్కో మోతాదులో పటిక వేస్తాం. ఒక నిమిషం గిరగిరా తిప్పి, తర్వాత పావుగంటకు పైగా నెమ్మదిగా తిప్పుతాం. మోతాదు కుదిరిన బీకర్లో మట్టి దూది పింజల్లా ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. పటిక ఎక్కువేస్తే ఇంకా బాగుంటుందనుకుంటారు కానీ, మోతాదు మించినా పింజ సరిగా కట్టదు. నిన్నటి మోతాదు ఇవాళ్టికి పనికొస్తుందన్న భరోసా కూడా లేదు.

ఆ తర్వాత ఇసుక ఫిల్టరు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో ఒక ప్లాంటు వడపోత సరిగా జరగక క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కుళాయిల్లోకి వచ్చేసింది. సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. మామూలు మోతాదు క్లోరిన్‌కు అది చావదు, ఫిల్టరే ఆపాలి. అందుకే బ్యాక్‌వాష్, అంటే కిందనుంచి నీళ్లు ఎక్కించి ఫిల్టరు ఇసుకను కడగడం, వాయిదా వేసే ఆపరేటర్‌ను చూస్తే నాకు కోపం వస్తుంది.

అపోహ: క్లోరిన్ వాసన వచ్చిందంటే ఎక్కువ కలిపేశారు.

నీళ్లలో అమ్మోనియా ఉంటే, దానికి సరిపడా క్లోరిన్ పడనప్పుడు కూడా ఘాటు వాసన వస్తుంది. ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, దారిలో క్రిములు కలిస్తే చంపడానికి. పైపులైను చివరి ఇంట్లో నీళ్లు పట్టి డీపీడీ మాత్ర వేస్తాం. గులాబీ రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకపోతేనే నాకు టెన్షన్.

అపోహ: టీడీఎస్ మీటరు తక్కువ చూపిస్తే మంచి నీళ్లే.

అది కరిగిన లవణాల్ని అంచనా వేస్తుంది, అంతే. మురుగు చుక్క కలిసినా దానికి పట్టదు.

అపోహ: నీళ్లు సన్నగా వస్తుంటే మోటారు బిగించుకోవడంలో తప్పేముంది?

ఎక్కువసేపు వాదించాల్సి వచ్చేది దీని గురించే. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు చిల్లు ఉన్నా నీళ్లు బయటికే కారతాయి. సరఫరా ఆగి పైపు ఖాళీ అయినప్పుడో, ఎవరో మోటారుతో లాగినప్పుడో ఒత్తిడి తిరగబడుతుంది. అప్పుడు అదే చిల్లులోంచి పక్క కాలువలోని మురుగు లోపలికి వస్తుంది. ప్లాంటులో ఎంత శుభ్రం చేసినా ఈ ఒక్క చోట పోతుంది. పైగా లాగినాయన ట్యాంకు నిండుతుంది, పక్కింటికి చుక్క రాదు. నీళ్లు వదలగానే మొదట వచ్చే మడ్డిని పారబోయమనేది కూడా ఇందుకే.

అపోహ: కొరత ఉందంటే కొత్త బోర్లో, కొత్త చెరువో కావాలి.

ముందు పోయేది ఎంతో చూడాలి. ఒక పేటకు ఒకే వాల్వు గుండా నీళ్లు వెళ్లేలా వేరుచేసి, రాత్రంతా ఆ వాల్వు తెరిచి ఉంచి, మూడు గంటలప్పుడు అక్కడి మీటరు చూస్తాం. ఊరంతా నిద్రలో ఉన్నా ముల్లు తిరుగుతూనే ఉంటుంది. అందులో చాలా భాగం లీకే. గంటకు 50 ఘనపు మీటర్లు కారితే రోజుకు 12 లక్షల లీటర్లు. మనిషికి 100 లీటర్ల చొప్పున 12 వేల మందికి సరిపోయే నీళ్లు. పగలు ఒత్తిడి తగ్గితే కారడమూ కొంత తగ్గుతుంది కాబట్టి ఈ లెక్కలో కొంచెం కోత వేసుకోవాలి. ఇక లీకు ఎక్కడుందో వెతకడానికి ఇప్పటికీ ఇనుప కడ్డీ ఉంది. ఒక కొన వాల్వు మీద పెట్టి, రెండో కొనకు చెవి ఆనిస్తే లోపల సుయ్‌మనే చప్పుడు వినిపిస్తుంది.

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కుళాయిలు కట్టేసే రోజు దాకా వెళ్లి తప్పించుకుంది. మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టారు, పైపుల్లో ఒత్తిడినీ తగ్గించారు.

అపోహ: వాడిన నీళ్లు మళ్లీ తాగడమా, ఛీ!

నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి మురుగును శుద్ధిచేసి తాగునీటిలో కలుపుతున్నారు. చిన్న నగరం అంతదూరం వెళ్లక్కర్లేదు. శుద్ధిచేసిన ఆ నీళ్లను పార్కులకూ, కట్టడం పనులకూ ఇస్తే చాలు. అంత మేరకు తాగునీళ్లు మిగులుతాయి. ప్రతి ఎండాకాలం మీటింగులో నేను అడిగేది దీనికోసం ఇంకో పైపులైను. ఏటా వచ్చేది ఇంకో బోరు.