మూడు రంగుల పిల్లి, ప్రొటీన్ చెయ్యని ఆర్‌ఎన్‌ఏ

చిరంజీవులు చిట్టికీ, బుజ్జిగాడికీ,

తాతయ్య ఆశీస్సులు. మీరు వెళ్ళాక పిల్లికూనలు బియ్యం బస్తా వెనక నుంచి వసారాలోకి మకాం మార్చాయి. నాలుగింటిలో మూడు రంగులది ఒక్కటే, అదీ ఆడదే. "మూడు రంగులవన్నీ ఆడవే ఎందుకు తాతయ్యా?" అని చిట్టి బస్సెక్కుతూ అడిగింది. బస్సు కదిలింది కాబట్టి బతికిపోయాను. కిటికీ దగ్గర నిలబడి చెప్పే జవాబు కాదది.

పిల్లుల్లో నారింజ రంగు తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. (క్రోమోజోమ్ అంటే కణంలో జన్యువుల్ని మోసే డీఎన్‌ఏ పోగు.) మగపిల్లికి ఎక్స్ ఒక్కటే, కాబట్టి ఉంటే నారింజ, లేకపోతే నలుపు. ఆడదానికి రెండు ఎక్స్‌లు. ఒకటి నారింజది, ఇంకొకటి కానిది అయితే రెండూ కలిసి ఏదో మధ్యరంగు రావాలి కదా? రాదు. తల్లి కడుపులో ఇంకా చిన్న పిండంగా ఉన్నప్పుడే ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాని నోరు మూయించేస్తుంది. ఏదాన్ని అంటే, బొమ్మా బొరుసే. ఒకసారి తేలాక ఆ కణానికి పుట్టిన పిల్లకణాలన్నీ అదే మాట మీద ఉంటాయి. అందుకే ఇక్కడో నారింజ మచ్చ, అక్కడో నల్లమచ్చ. తెలుపు వేరే జన్యువు పని, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

ఇలా ఒక ఎక్స్ మూతపడుతుందని 1961లో ఇంగ్లండ్‌లో మేరీ లయన్ అనే ఆవిడ ఎలుకల బొచ్చు రంగులు చూసి ఊహించింది. మరి మూయించేది ఎవరు? అది 1991లో బయటపడింది. పేరు ఎగ్జిస్ట్. మనుషుల్లో దాని పొడవు సుమారు 17 వేల అక్షరాలు. అంత పొడుగు ఆర్‌ఎన్‌ఏ, ఒక్క ప్రొటీన్ కూడా చెయ్యదు!

నేను బడిలో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం ఇది: డీఎన్‌ఏ వంటల పుస్తకం, ఆర్‌ఎన్‌ఏ అందులోంచి రాసుకున్న చీటీ, చీటీ వంటింటికి వెళ్తే వంట, అంటే ప్రొటీన్, తయారు. తప్పు కాదు కానీ సగమే. ఎగ్జిస్ట్ చీటీ వంటింటికి వెళ్ళదు. కేంద్రకం గడప దాటకుండా, తాను ఏ ఎక్స్ మీద పుట్టిందో దానికే ఈ చివర నుంచి ఆ చివర దాకా అంటుకుపోతుంది. తర్వాత స్పెన్ లాంటి ప్రొటీన్లను పిలుచుకొచ్చి పేజీలు మూయిస్తుంది. కొన్ని జన్యువులు తప్పించుకుంటాయనుకోండి. చివరికి ఆ ఎక్స్ ముడుచుకుపోయి నల్లచుక్కలా మిగులుతుంది. ఆ చుక్కను 1949లోనే బార్, బెర్ట్రమ్ అనే ఇద్దరు ఆడపిల్లుల నరాల కణాల్లో చూశారు. అదేమిటో మాత్రం అప్పటికి తెలీదు.

ఇలా ప్రొటీన్ చెయ్యని పొడుగు ఆర్‌ఎన్‌ఏలను లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అంటారు. 200 అక్షరాలు దాటితే చాలు, పొడుగు కిందే లెక్క.

ఎగ్జిస్ట్ ఎక్కణ్ణుంచి ఊడిపడిందంటారా? మన కోళ్ళనే చూడండి. వాటిలో ఎల్‌ఎన్‌ఎక్స్3 అనే జన్యువు ఇప్పటికీ బుద్ధిగా ప్రొటీన్ చేస్తోంది. మన పూర్వీకుల్లో అదే జన్యువు చెడిపోయింది. మధ్యలో గెంతుడు డీఎన్‌ఏ ముక్కలు కొన్ని వచ్చి ఇరుక్కున్నాయి. ఆ పాడుబడ్డ ఇంట్లోనే ఎగ్జిస్ట్ కాపురం పెట్టింది. కంగారూల వర్గంలో ఎగ్జిస్ట్ లేదు. ఆ వర్గానికే చెందిన ఒపోసమ్‌లో 2012లో ఆర్‌ఎస్‌ఎక్స్ అనే ఇంకో ఆర్‌ఎన్‌ఏ దొరికింది. ఎగ్జిస్ట్‌తో చుట్టరికం లేదు, పని మాత్రం అదే! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే.

అలాగని చెత్త అనుకున్నదంతా బంగారమని ఎవరైనా రాస్తే నమ్మెయ్యకండి. మన జన్యురాశిలో 300 కోట్ల అక్షరాలుంటే ప్రొటీన్లకు పనికొచ్చేది రెండు శాతం లోపే. మిగతాదాంట్లోంచి వేల రకాల పొడుగు ఆర్‌ఎన్‌ఏలు పుడుతున్నాయి. వాటిలో పని రుజువైనవి కొన్నే. చాలావరకు ఊరికే పుట్టి పోయేవే అయ్యుంటాయని నా అనుమానం. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎలుకల్లో ఎయిర్న్ అనేదొకటి పక్క జన్యువును ఆపేస్తుంది. అక్కడ ఆర్‌ఎన్‌ఏతో పనిలేదు, దాన్ని రాసుకునే క్రమంలో పక్కవాడి గుమ్మం తొక్కడమే సరిపోయింది.

2001 డిసెంబర్ 22న అమెరికాలోని టెక్సస్‌లో సీసీ అనే పిల్లి పుట్టింది. మూడు రంగుల రెయిన్‌బో అనే పిల్లికి క్లోన్, అంటే జన్యువుల్లో అచ్చు నకలు. తీరా చూస్తే ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటీ లేదు. నకలు తీయడానికి వాడిన కణంలో నారింజ ఎక్స్ అప్పటికే మూతపడి ఉంది, మళ్ళీ తెరుచుకోలేదు.

మూడు రంగుల మగపిల్లి మీ వీధిలో కనిపిస్తే వెంటనే నాకు ఫొటో పంపండి. దానికి రెండు ఎక్స్‌లూ, మగవాటికి ఉండే వై క్రోమోజోమ్ కూడా ఉండుంటాయి. నేను ఈ వయసు దాకా ఒక్కటీ చూడలేదు.

మీ తాతయ్య