చీజ్ చేదుకూ ఒక జన్యువుకూ ఉన్న లంకె

పాలలో ప్రోటీన్‌కు కొదవ లేదు. కానీ దానిలో సుమారు 80 శాతం కేసీన్ అనే పెద్ద ప్రోటీనే. లాక్టిక్ బ్యాక్టీరియా దాన్ని ఉన్నదున్నట్టు మింగలేదు. పాలలో విడిగా తేలే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ కట్టే ఇటుకలు) దాని పూర్తి పెరుగుదలకు సరిపోవు. అందుకే కేసీన్‌ను కత్తిరించే ఎంజైమ్‌ను కణం గోడకు బయటివైపు తగిలించుకున్న రకాలే పాలను త్వరగా పులియబెడతాయి.

చీజ్ తయారీదారులను వేధించిన చిక్కు ఏమిటంటే, బాగా పనిచేసే తోడు కూడా ఉన్నట్టుండి మందగించేది. 1974లో అమెరికాలో మెకే, బాల్డ్విన్ ఒక సంగతి గమనించారు: పాల చక్కెర లాక్టోజ్‌ను వాడుకునే శక్తి, ప్రోటీన్‌ను కోసే శక్తి రెండూ ఒకేసారి పోతున్నాయి. ఈ గుణాలను మోసేది ప్రధాన క్రోమోజోమ్ కాదు, కణ విభజనలో జారిపోగల ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలని తర్వాత తేలింది.

ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ జన్యువును పట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో. 1985లో యాన్ కాక్, వెనెమా బృందం డబ్ల్యూజీ2 అనే రకం లాక్టిక్ బ్యాక్టీరియా ప్లాస్మిడ్ నుంచి జన్యువున్న ముక్కను వేరుచేసింది. నాకు ఇందులో బాగా నచ్చే ఘట్టం ఇది: ఈ పనులకు అందరూ వాడే ఈ. కోలి బ్యాక్టీరియాలో ఆ ముక్క అఖండంగా నిలవలేదు, రెండుగా విడగొడితేనే నిలిచింది. మొత్తం ముక్కను బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో బ్యాక్టీరియాలోకి, ఎంజైమ్ లేని లాక్టిక్ బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. పాలలో కుంటుతూ పెరిగే ఆ బ్యాక్టీరియా మామూలుగా పెరిగి, చకచకా ఆమ్లం తయారుచేసింది. అదే జన్యువని చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

1988లో ఆ జన్యువు వరుసక్రమం వచ్చింది: 1902 అమైనో ఆమ్లాల భారీ ప్రోటీన్, బట్టల సబ్బు పొడుల్లో వాడే సబ్టిలిసిన్‌కు చుట్టం. పక్కనే ఎదురు దిశలో చదివే మరో జన్యువు, పీఆర్‌టీఎం, ఉంది. దాని సాయం లేకపోతే తయారైన ఎంజైమ్ పనిచెయ్యదు.

ఇక చేదు. కేసీన్ నుంచి తెగిపడే, నీటికి దూరంగా ఉండే కొన్ని పెప్టైడ్లే (చిన్న ప్రోటీన్ ముక్కలే) అందుకు కారణం. చేదు తక్కువని పేరున్న ఎస్‌కే11 అనే మరో రకం బ్యాక్టీరియాలోని ఇదే జన్యువును 1989లో నెదర్లాండ్స్‌లోనే ఎడే పట్టణంలోని నిజో పాల పరిశోధన సంస్థలో చదివారు. 60 అమైనో ఆమ్లాల పునరావృతాన్ని పక్కన పెడితే డబ్ల్యూజీ2తో తేడా 44 చోట్లే. అయినా రెండూ కేసీన్‌ను వేర్వేరు చోట్ల కోస్తాయి. 1991లో రెంటినీ కలిపి సంకర ఎంజైములు కట్టి, ఏ భాగం వల్ల కోత మారుతుందో చూశారు. అయితే పెప్టైడ్లను కణంలోకి లాగే రవాణా వ్యవస్థ, లోపల వాటిని చిదిమే పెప్టిడేజులనే ఎంజైములు కూడా రుచిని నిర్ణయిస్తాయి. 1990ల్లో పరిశోధన వాటి జన్యువుల వైపు మళ్లింది.