గాఢనిద్రకు శబ్దం మందా? అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. రాత్రంతా పేషెంట్ల మెదడు తరంగాలు చూడడం నా పని. తలకి ఎలక్ట్రోడ్లు అంటిస్తుంటే చాలామంది అడిగేది ఇదే: "ఫోన్లో వాన చప్పుడు పెట్టుకుంటే నిద్ర బాగా పడతాదంట, నిజమేనా బాబూ?"

అపోహ: "డెల్టా" అని పేరున్న ఆడియో రాత్రంతా మోగితే గాఢనిద్ర పెరుగుతుంది.

వాస్తవం: గాఢనిద్రలో మెదడులో పెద్ద అలలు నిదానంగా లేస్తాయి, వాటినే డెల్టా తరంగాలంటారు. ఒక్కోదానికి సుమారు సెకను పైనే పడుతుంది. 2013లో జర్మనీ పరిశోధకులు సరిగ్గా అల లేచే క్షణానికి 50 మిల్లీసెకన్ల పింక్ నాయిస్ (వాన హోరులాంటి చప్పుడు) వినిపించారు. అలలు బలపడ్డాయి, పడుకునేముందు నేర్చుకున్న పదాల జతలు పొద్దున్న ఎక్కువ గుర్తున్నాయి. అదే చప్పుడు వేళ తప్పి వినిపిస్తే ఆ ఫలితం లేదు. కళింగపట్నంలో తెప్ప దింపేవాళ్లు అలని చూసి తోసినట్టే ఇది కూడా. అందుకు నుదుటి మీద ఎలక్ట్రోడ్, తరంగాన్ని అప్పటికప్పుడు చదివే కంప్యూటర్ ఉండాలి. దిండు పక్కనున్న ఫోనుకి మీ మెదడు కనబడదు.

2017లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు ఇదే పద్ధతితో 60 ఏళ్లు దాటిన 13 మందిలో కూడా జ్ఞాపకం మెరుగైందని చూపారు. వయసుతో గాఢనిద్ర తగ్గుతుంది కాబట్టి ఆ వార్త నాకు చాలా సంతోషం కలిగించింది. కానీ తర్వాత కొన్ని ప్రయోగాల్లో అలలు పెరిగినా జ్ఞాపకం పెరగలేదు. దీన్ని చికిత్స అని ఇప్పుడే చెప్పలేను.

అపోహ: నిద్రపోయాక చెవికేం వినబడదు.

వాస్తవం: స్టేషన్ పక్కన ఉండేవాళ్లు "రైలు మోత మాకు అలవాటే" అంటారు. మెలకువ రాకపోయినా మోతకి గుండె వేగం పెరుగుతుంది, నిద్ర లోతు తగ్గుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దానికి పరిమితి 45 డెసిబెల్స్. జాతర మైకులు పెట్టేవాళ్లు పక్కింటి ముసలివాళ్లని కాస్త తలుచుకోవాలని నా మనవి.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లకి ఫ్యాన్ చప్పుడో, వాన చప్పుడో పనికొస్తుంది. అది వీధి మోతని కప్పేస్తుంది, అంతే. సన్నగా పెట్టుకోండి, ఇయర్‌ఫోన్స్ వద్దు.

అపోహ: గురక పెడుతున్నాడంటే ఒళ్లెరగని నిద్ర.

వాస్తవం: కాదు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ అందుకుంటుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఆడియో యాప్ దానికి మందు కాదు. వెంటనే ఊపిరితిత్తుల డాక్టరుకి గానీ ఈఎన్‌టీ డాక్టరుకి గానీ చూపించండి. పక్కన పడుకునేవాళ్లని వెంట తీసుకెళ్లండి, ఊపిరి ఆగడం చూసేది వాళ్లే.