కాకి కుండ, మన బోరు

"నవంబరులో మా బోరులో నీళ్లు 13 అడుగులు పైకొచ్చాయి. మార్చికల్లా మళ్లీ మొదటికే. అన్ని నీళ్లు ఎక్కడికి పోయాయి?" అని అనంతపురం వైపు నుంచి ఒక రైతు అడిగారు.

ఎక్కడికీ పోలేదండీ. అసలు అన్ని నీళ్లు రాలేదు.

దాహం వేసిన కాకి కథ గుర్తుందిగా? దాన్ని తెలివికి పాఠంగా చెప్పి వదిలేస్తారు బడిలో. నాకైతే అది భూగర్భ జలాల పాఠం. కాకి ఒక్క చుక్క కూడా కలపలేదు, మట్టం మాత్రం పెంచింది. (గులకరాళ్ల మధ్య సుమారు 40 శాతం ఖాళీ ఉంటుంది. కుండలో నీళ్లు బాగా అడుక్కి ఉంటే ఎన్ని రాళ్లు వేసినా కాకికి దాహమే!)

రాయలసీమలో, తెలంగాణలో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. పైన చివికిన పొరలో కూడా మనం తోడుకోగలిగే నీళ్లకున్న చోటు సుమారు ఒకటిన్నర శాతమే. కుండ నిండా రాళ్లే అన్నమాట. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మి.మీ. నూటికి 11 పాళ్లు ఇంకితే 60 మి.మీ. బెత్తెడు లోపే. దాన్ని ఆ ఒకటిన్నర శాతంతో, అంటే 0.015తో భాగించండి: 4 మీటర్లు, అంటే మీ 13 అడుగులు! అదే బెత్తెడు తోడితే ఆ 4 మీటర్లూ హుష్ కాకి.

ఇప్పుడు పంట. వరికి సుమారు 1200 మి.మీ. కావాలి. ఏటా ఇంకేది 60. ఒక ఎకరం వరి 20 ఎకరాల కింది నీళ్లు లాగుతుంది. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుంది నిజమే, సగం అనుకున్నా 10 ఎకరాలు. మట్టం లోతుకు పోయేకొద్దీ ఆ వాపసు కూడా తగ్గుతుంది. తడుల మీద వేసే వేరుశనగకు 500 చాలు.

పైనుంచి ఎండ. 40 డిగ్రీల దగ్గర గాలి పట్టగల ఆవిరి పీడనం 7.38 కిలోపాస్కల్‌లు, 41 దగ్గర 7.78. తేమ 30 శాతం ఉన్న గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని దాహం, అంటే అది ఇంకా పట్టగల ఆవిరి, దాదాపు 8 శాతం పెరుగుతుంది. మొక్క ఆకుల రంధ్రాలు మూసుకుని కొంత తట్టుకుంటుంది, కానీ అప్పుడు దిగుబడి తగ్గుతుంది. వాన కూడా నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతే, ఇంకేలోపే వాగు పాలు.

ఇంత లెక్క పక్కన పెట్టి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింటు చూపించేవాళ్ల వెంట తిరుగుతాం! కాయ నిలబడినా కుండ పెద్దదవదు.

2000ల దశకంలో ఎఫ్‌ఏవో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల రైతులు ఈ లెక్క తామే వేశారు. వానను, బోర్లలో మట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ బోర్డు మీద రాశారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మీ చుట్టుపక్కల బోర్ల కింద ఎన్ని ఎకరాల వరి పడిందో మీరు రాయలేదు. రాస్తే మార్చి లెక్క కూడా వేద్దాం.